డ్రిల్లు టీచరు గోడ

ఉద్యోగం చేసినన్నాళ్ళూ వీధిలో పిల్లలందరినీ మైదానం చుట్టూ పరుగెత్తించిన మనిషి ఇప్పుడు మంచం దిగనంటోంది.

ఆవిడ స్కూల్లో డ్రిల్లు టీచరుగా పనిచేసింది. రిటైరై చాలాకాలమైనా వీధిలో ఎవరూ ఆవిణ్ణి ఇంకో పేరుతో పిలవలేదు. ఆవిడ గొంతు వినిపిస్తే బొర్రలు వేలాడేసుకున్న మగవాళ్ళు కూడా ఠక్కున పొట్ట లోపలికి పీల్చి నిటారుగా నిలబడేవారు. అలాంటి మనిషి స్నానాలగదిలో సబ్బునీళ్ళ మీద కాలు జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషను బాగానే జరిగింది. ఎముక చక్కగా అతికింది, ఇక రోజూ నడవాల్సిందేనని డాక్టరు చెప్పి పంపాడు. నాలుగు కాళ్ళ వాకరు ఒకటి కొన్నారు. దాన్ని పట్టుకుని మంచం నుంచి పక్కనే ఉన్న స్నానాలగది దాకా వెళ్ళేది, మళ్ళీ మంచానికి వచ్చేది. అంతకు మించి ఒక్క అడుగు వేసేది కాదు.

"ఇవాళ మబ్బుగా ఉంది, కాలు సలుపుతోంది" అనేది ఒకరోజు.

"ఎండ ఎక్కువగా ఉంది, కళ్ళు తిరుగుతాయి" అనేది మర్నాడు.

ఇంట్లో ఉండేది ముగ్గురు. డ్రిల్లు టీచరు, సిటీ బస్సు నడిపే కొడుకు, వడ్రంగం చేసే కోడలు. కోడలి తండ్రి తాపీమేస్త్రి. ఆయన ఇటుకలు పేరుస్తుంటే పక్కన కూర్చుని చెక్కపేళ్ళతో ఆడుకున్న పిల్ల, పెద్దయ్యాక చెక్కనే పట్టుకుంది. అలమరలు, తలుపులు, దుకాణాల కౌంటర్లు అన్నీ చేస్తుంది. పెళ్ళయిన కొత్తలో అత్తగారు ఆమె అరచెయ్యి పట్టుకుని కాయలు తడిమి చూసి, "పర్వాలేదు, ఒళ్ళొంచే పిల్లే" అంది. ఆవిడ నోట అంతకంటే పెద్ద మెచ్చుకోలు ఎవరూ వినలేదు.

పాత భవనంలో పై అంతస్తు వాళ్ళది. వెనకవైపు అత్తగారి గది, ముందువైపు వీధి మీదికి బాల్కనీ. ఆ రెంటినీ కలుపుతూ పొడుగాటి నడవా. నడవాకి ఒక పక్క వంటగదీ పడకగదీ మెట్లవైపు గుమ్మమూ, రెండో పక్క తలుపూ కిటికీ ఏమీ లేని బోడిగోడ.

"ఆ గోడ పొడుగునా చెక్క రెయిలింగు బిగిస్తే మీ అమ్మగారు దాన్ని పట్టుకుని బాల్కనీ దాకా వస్తారు" అంది కోడలు ఒక ఉదయం.

"వస్తుందంటావా?" అన్నాడు కొడుకు.

"వాకరంటే ఆవిడకి నామోషీ. రెయిలింగైతే ఇంట్లో సామానే కదా."

ఆ ఆదివారమే పని మొదలుపెట్టింది. కన్నాలు వేసే మిషను గోడకి ఆనించి నొక్కగానే ఇల్లంతా గుయ్యిమంది.

"ఏమిటే అమ్మాయ్ ఆ గోల?" అని లోపల్నించి కేక.

"డ్రిల్లు, అత్తయ్యా."

"ఈ ఇంట్లో ఒక డ్రిల్లు సరిపోలేదా మీకు?"

వంటగదిలో గిన్నె కడుగుతున్న కొడుకు నవ్వాపుకోలేక గిన్నె జారవిడిచాడు.

కోడలు వరసగా కన్నాలు వేసి, వాటిలో చెక్క బిరడాలు బిగుతుగా దిగగొట్టి, వాటికి మరలు బిగించి రెయిలింగు నిలబెట్టింది. పట్టుకుని కిందికి వేలాడి చూసింది. కదల్లేదు. అత్తగారిని బతిమాలి, బామాలి, చివరికి "మీకు భయమేమోలెండి" అని ఒక మాట అనేసరికి ఆవిడకి పౌరుషం వచ్చింది.

కుడిచేత్తో రెయిలింగు పట్టుకుని నాలుగడుగులు బాగానే వేసింది. నడవా సగానికి వచ్చాక కాలు ఒణికింది. ఒళ్ళు వెనక్కి తూలింది. పడబోతూ చేతిలో ఉన్నదాన్ని బలంగా తన వైపు గుంజింది. మెత్తటి మడిలోంచి ముల్లంగి దుంప ఊడొచ్చినట్టు బిరడా గోడలోంచి ఊడొచ్చింది. దాని వెనకే రెండోది. వెనకాలే ఉన్న కోడలు రెండు చేతులూ చాపి పట్టుకుంది గానీ ఆ బరువుకి తనూ కూలబడింది. అత్తగారు కోడలి ఒళ్ళో, వాళ్ళిద్దరి మీదా రెయిలింగు.

కోడలు రెయిలింగుని పక్కకి తోసింది.

"నీకేమీ విరగలేదు కదా?" అంది అత్తగారు. "నేను పడ్డది నీ మీద కాబట్టి అడుగుతున్నాను."

ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ ఆ మాట తర్వాత ఆవిడ హాస్యమాడటం మానేసింది. గది తలుపు దాటి చూడటం కూడా మానేసింది. నడవాలోకి రమ్మంటే, "అక్కర్లేదమ్మా, ఇక్కడే బాగుంది" అని మెల్లగా చెప్పేది. ఆవిడ మెల్లగా మాట్లాడటం ఆ ఇంట్లో ఎవరూ అంతకుముందు వినలేదు. కోడలు ఊడిన కన్నంలో వేలు పెట్టి చూసింది. ఎర్రటి పొడి జలజలా రాలింది. ఆ పొడి గుప్పిట్లో పట్టుకుని వంటగదిలో నిలబడి ఏడిచింది.

"నువ్వు పట్టుకోబట్టే గదా అమ్మ బతికిపోయింది" అన్నాడు మొగుడు.

"నేను నడిపించబట్టే గదా పడింది" అని ముక్కు చీదుకుని, తండ్రికి ఫోను చేసింది.

మేస్త్రి పనిసంచీ భుజాన వేసుకుని మర్నాడే వచ్చాడు. ముందు వియ్యపురాలి గదిలోకి వెళ్ళి, "ఎలా ఉన్నారు చెల్లెమ్మా?" అని పలకరించాడు. "ఉన్నానన్నయ్యగారూ" అని గోడ వైపు తిరిగి పడుకుంది ఆవిడ. ఆయన ఇంకేమీ అనకుండా నడవాలోకి వచ్చి, సుత్తి వెనక భాగంతో గోడ పొడుగునా తట్టుకుంటూ, చెవి ఆనించి వింటూ వెళ్ళాడు.

"పాతకాలపు ఇటుక తల్లీ. పైన పూసిన గిలాబు రాయిలా ఉంది, లోపల బిస్కెట్టు. మధ్యలో ఈ స్తంభం ఒక్కటీ కాంక్రీటు, తర్వాతెప్పుడో కట్టారు."

"నేను వేలాడి చూశాను నాన్నా. ఆగింది."

"కిందికి వేలాడావు. నువ్వు రోజూ చేసేది అలమరలు. అలమర బరువు గోడ వెంబడే కిందికి దిగుతుంది. దానికి బిరడా చాలు. పడబోయే మనిషి కిందికి లాగడు, తన వైపు గుంజుతాడు. ఆ గుంజుడుకి ఈ ఇటుక బిరడాని వదిలేసింది."

"అయితే ఈ గోడ పనికిరాదా?"

"ఎందుకు పనికిరాదూ. గోడకి తగిలిస్తే పనికిరాదు. గోడలో నాటాలి."

ఇద్దరూ కలిసి వెల్డింగు షాపుకి వెళ్ళి ఇనుప పట్టీలు చేయించుకొచ్చారు. ఒక్కోటి జానెడు పొడుగు. గోడ బయట ఉండే కొనకి మరల కోసం రంధ్రాలున్న పలక. లోపలికి పోయే కొనని నిలువునా చీల్చి, ఒక పాయ పైకీ ఒక పాయ కిందికీ వంచారు. మేస్త్రి ఉలీ సుత్తీ పట్టుకుని గోడలో ఎడమెడంగా గుంటలు తవ్వాడు. గుంట నోరు ఇరుకు, లోపల వెడల్పు. దుమ్ము నడవాలోంచి గదిలోకి పోయింది.

"అన్నయ్యగారూ, ఇల్లు పడగొడుతున్నారా, ఉంచుతున్నారా?" అంది లోపల్నించి అత్తగారు. అంత దుమ్ములోనూ కోడలి మొహం వికసించింది. ఆ గొంతులో పాత కారం కొంచెం తగిలింది.

మేస్త్రి ఒక పట్టీ తీసుకెళ్ళి ఆవిడ చేతిలో పెట్టాడు.

ఆవిడ అటూ ఇటూ తిప్పి చూసింది. "చేపతోకలా ఉందే."

"ఈ తోక లోపలికి పోయి కాళ్ళు చాపుకుని కూర్చుంటుంది చెల్లెమ్మా. చుట్టూ కంకరా సిమెంటూ కూరతాను. అది గట్టిపడ్డాక దీన్ని పీకాలంటే గోడని పీకాలి."

"ఎప్పటికి గట్టిపడుతుంది?"

"వారం పది రోజులు పడుతుంది. అయితే తడి ఆరకూడదు. ఆరిందా, పైకి బాగానే కనబడుతుంది గానీ లోపల పొడిపొడిగా ఉండిపోతుంది. పూటపూటకీ నీళ్ళు చల్లాలి."

"మధ్యాహ్నం ఇంట్లో నేను తప్ప ఎవరుంటారు?" అంది ఆవిడ.

"అందుకే తడిగోనె అంటించి వెళ్తాను. సాయంత్రం దాకా ఆగుతుందిలెండి" అన్నాడు మేస్త్రి.

ఆ సాయంత్రానికల్లా పట్టీలన్నీ గుంటల్లో పెట్టి సిమెంటు కూరేశాడు. మర్నాడు పొద్దున్నే కోడలు అన్నిటికీ నీళ్ళు చల్లి పనికి వెళ్ళింది. కొడుకు బస్సెక్కాడు. మధ్యాహ్నం డ్రిల్లు టీచరు పడుకుని నడవా వైపు చూస్తుంటే, తన గుమ్మానికి దగ్గర్లో ఉన్న మొదటి గుంట మీద గోనె జారి వేలాడుతోంది. ముదురు బూడిదరంగులో ఉండాల్సిన సిమెంటు అంచుల వెంట తెల్లబడుతోంది.

"అమ్మాయ్" అని పిలిచింది, ఇంట్లో ఎవరూ లేరని తెలిసీ.

ఆవిడ కళ్ళు మూసుకుంది. తెరిచింది. తెలుపు ఇంకాస్త లోపలికి పాకినట్టనిపించింది. చేయాల్సిన పని కళ్ళ ముందే చెడిపోతుంటే చూస్తూ ఊరుకోవడం ఆవిడ వల్ల కాదు. కాసేపు పళ్ళు కొరుక్కుంది. చివరికి లేచి వాకరు దగ్గరికి లాక్కుని, స్నానాలగదిలోంచి మగ్గుతో నీళ్ళు ముంచి, మగ్గుని వాకరు కొమ్ముకి తగిలించి బయల్దేరింది. నడుస్తున్నానని అనుకోలేదు. గుంట తడపాలి, అంతే.

మొదటిదానికి నీళ్ళు చల్లి గోనె సర్దింది. సిమెంటు గటగటా తాగేసింది. పక్కన చూస్తే రెండోదీ పొడిబారుతోంది. క్లాసులో ఒకళ్ళకి నీళ్ళిచ్చి ఇంకొకళ్ళకి ఇవ్వకపోవడం ఆవిడ ఎన్నడూ చేయలేదు. రెండోదానికీ చల్లింది. మూడోదాని దగ్గర మగ్గు ఖాళీ అయింది. అక్కణ్ణించి ముందుకి చూసింది. మొన్న పడ్డ చోటు. నేల మీద ఎర్రపొడి మరక ఇంకా పోలేదు. మెల్లగా వెనక్కి తిరిగి వచ్చి మంచం మీద పడుకుని, దుప్పటి గడ్డం దాకా లాక్కుంది.

సాయంత్రం కోడలు వచ్చి చూస్తే గది వైపు గుంటలు తడిగా ఉన్నాయి, బాల్కనీ వైపువి ఎండాయి.

"అత్తయ్యా, ఇవెవరు తడిపారు?"

"నాకేం తెలుసు? గోడకి చెమట పట్టిందేమో."

కోడలు నేల వంక చూసింది. గదిలోంచి నడవా సగం దాకా దుమ్ములో వాకరు కాళ్ళ గుండ్రటి అచ్చులు, నాలుగేసి చొప్పున. మొగుడు రాగానే చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి చూపించింది. వాడు "అమ్మా" అని అరవబోతుంటే నోరు మూసింది.

"ఊరుకోండి. మనం చూసినట్టు తెలిస్తే మళ్ళీ మంచమెక్కేస్తారు."

మర్నాడు పనికి వెళ్తూ చిన్న బకెట్టులో నీళ్ళు నింపి, నడవా సగంలో ఒక ఎత్తు స్టూలు వేసి దాని మీద పెట్టింది. పక్కనే కూర్చోవడానికి ఒక కుర్చీ. ఆ తర్వాతి రోజు ఆ రెంటినీ ఇంకొంచెం ముందుకి జరిపింది.

"బకెట్టు అక్కడ వదిలేశావేమే, బుద్ధుందా?" అంది అత్తగారు.

"మర్చిపోయానత్తయ్యా."

"ఏమిటో, ఈ మధ్య మతిమరుపు ఎక్కువైంది నీకు."

మేస్త్రి వచ్చి గుంటలన్నీ సుత్తితో తట్టి చూసే నాటికి, బాల్కనీ పక్కనున్న ఆఖరి గుంటతో సహా అన్నీ సమానంగా నానాయి. ఒక్క చోటా బీట లేదు. ఆయనకి ముచ్చటేసింది.

"ఇంత చక్కగా తడి పట్టిన పని నేనెక్కడా చూళ్ళేదు. ఎవరు తడిపారు తల్లీ?"

"ఇంకెవరు, మీ అమ్మాయే" అంది డ్రిల్లు టీచరు మంచం మీంచి. "ఎంత శ్రద్ధో."

"అవును నాన్నా, నేనే" అంది కోడలు మొహం ఏమాత్రం మార్చకుండా.

కొడుక్కి నవ్వు ఆగక, ఏదో పనున్నట్టు బాల్కనీలోకి పరుగెత్తాడు.

ఇక చెక్కపని మిగిలింది. కోడలు చెక్క సందులు పూడ్చే మెత్తటి లప్పం ముద్ద ఒకటి తెచ్చి అత్తగారి అరచేతిలో పెట్టి, "గట్టిగా పిసకండి" అంది. ఎందుకని అడుగుతూనే పిసికింది ఆవిడ. ఆ ముద్ద మీద పడ్డ పట్టుని చూసి, ఆ లావుకీ ఆ ఒంపుకీ సరిపోయేలా రెయిలింగుని చిత్రిక పట్టింది. ఇటుక గోడ మీద చేపతోకల పలకలకి దాన్ని బిగించింది. కాంక్రీటు స్తంభం దగ్గర మాత్రం మళ్ళీ మిషను పట్టి కన్నం వేసి, బిగించేకొద్దీ లోపల విచ్చుకునే బోల్టులు వేసింది. అంతా అయ్యాక, కొడుకు డ్యూటీకి వెళ్ళిన పూట, గుడ్డతో నూనె రాసి, అత్తగారి గది గుమ్మంలో నిలబడింది.

"అయిందత్తయ్యా. రండి."

ఆవిడ లేచి గుమ్మం దాకా వచ్చింది. రెయిలింగు వైపు చూసింది గానీ చెయ్యి చాపలేదు.

"మొన్న కూడా ఇలాగే నిగనిగలాడింది."

"నేను గుంజి చూపిస్తాను."

"నువ్వెంత, నీ బరువెంత."

"పోనీ, ఎవరు గుంజితే నమ్ముతారు?"

డ్రిల్లు టీచరు ఆలోచించింది. "బేకరీవాణ్ణి పిలు."

బేకరీ యజమాని ఆ వీధిలోకెల్లా భారీ మనిషి. ఒకప్పుడు ఆ స్కూల్లోకెల్లా భారీ పిల్లాడు. కబురందగానే పిండిచేతులతో అలాగే వచ్చాడు. టీచరు పిలిచిందని తెలిసి టైలరు కూడా కత్తెర జేబులో పెట్టుకుని వెంటబడ్డాడు. సైకిలు షాపు నడిపే ఆవిడ, ఆవిడ చెల్లెలు, కింది వాటాలో ఉండే టైపిస్టు, ఆయన బావమరిది, ఇలా ఒకరి వెనక ఒకరు మెట్లెక్కారు. అందరూ ఆవిడ దగ్గర పరుగులు తీసినవాళ్ళే. నడవాలోకి రాగానే, ఎవరూ చెప్పకుండానే, ఎత్తుల ప్రకారం వరసలో నిలబడ్డారు.

డ్రిల్లు టీచరు తన గది గుమ్మంలో కుర్చీ వేయించుకుని కూర్చుంది. సొరుగులోంచి తన పాత ఈల తెప్పించింది.

"ఈల వినగానే అందరూ ఒకేసారి వెనక్కి గుంజాలి. కిందికి కాదు, మీ వైపు. అర్థమైందా?"

"అర్థమైంది టీచర్" అన్నారు అందరూ ఒక్క గొంతుతో. మేస్త్రి కూడా అన్నాడు.

ఈల మోగింది. అందరూ రెయిలింగు పట్టుకుని వెనక్కి వాలారు. చెక్క కిర్రుమనలేదు. గోడ పొట్టు రాలలేదు.

"ఆగండి. బేకరీ, నువ్వు దొంగలాగుడు లాగుతున్నావు. చిన్నప్పుడూ ఇంతే, చెట్టు వెనక ఒక చుట్టు ఎగ్గొట్టేవాడివి."

"లేదు టీచర్, నిజంగానే" అంటూ ఆయన సిగ్గుపడ్డాడు.

రెండోసారి ఈల వేసేసరికి ఆయన కాళ్ళు గోడకి తన్నిపెట్టి, బరువంతా వెనక్కి వేసి గుంజాడు. టప్పున శబ్దం వచ్చింది. కోడలు గోడ దగ్గరికి ఉరికింది. చూస్తే ఊడింది ఆయన చొక్కా గుండీ. అది ఎగిరి టైలరు నుదుటికి తగిలింది.

"రేపు షాపుకి రా, కుట్టిపెడతాను" అన్నాడు టైలరు నుదురు రుద్దుకుంటూ. నడవా అంతా నవ్వులతో నిండిపోయింది. డ్రిల్లు టీచరుకి నవ్వీ నవ్వీ కళ్ళ నీళ్ళొచ్చాయి. తువ్వాలుతో తుడుచుకుని, కుర్చీలోంచి లేచి, వాకరుని కాలితో పక్కకి నెట్టింది.

అందరూ గోడ వదిలి రెండో పక్కకి జరిగారు. ఆవిడ రెయిలింగు మీద చెయ్యి వేసింది. పిడికిలి దాని మీద ఇమిడింది. ఒక అడుగు వేసి, నిలబడి, ఇంకోటి వేసింది. మూడో పట్టీ దాటాక ఎర్రమరక ఉన్న చోట ఆగింది. కోడలు వెనక నుంచి చేతులు చాపి సిద్ధంగా ఉంది. ఆవిడ మాత్రం గోడ వైపు పూర్తిగా తిరిగి, రెండు చేతులతో రెయిలింగు పట్టుకుని, ఒళ్ళు వెనక్కి వాల్చి, ఉన్న బలమంతా పెట్టి ఒక్క గుంజు గుంజింది. అది ఉలకలేదు, పలకలేదు.

"నేను తడిపిన సిమెంటు" అంది ఆవిడ.

అనేశాక నాలిక కరుచుకుంది.

"మీరు తడిపారా అత్తయ్యా?" అంది కోడలు అమాయకంగా.

"చాల్లే నటనలు. బకెట్టు రోజుకో బారెడు ముందుకి నడుస్తుంటే నాకు తెలీదనుకున్నావా?"

మేస్త్రి నోరు తెరుచుకుని కూతురి వంక, వియ్యపురాలి వంక మార్చి మార్చి చూశాడు. ఆవిడ అప్పటికే మళ్ళీ నడక మొదలుపెట్టింది. వెనకాల అందరూ గుంపుగా కదిలారు.

"తోసుకోకండి. వరసలో."

వరసలోనే వెళ్ళారు. ఆవిడ బాల్కనీలోకి అడుగుపెట్టి పిట్టగోడ పట్టుకుంది. ఎండ మొహం మీద పడింది. కింద వీధిలో కూరగాయల బండి, సైకిళ్ళు, గొడుగు బాగుచేయించుకుంటున్న ఒక పెద్దాయన. అన్నీ మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. కోడలు పక్కన నిలబడింది. అత్తగారు తల తిప్పకుండానే చెయ్యి చాపి ఆమె చెయ్యి పట్టుకుని, కాసేపు వదల్లేదు. కోడలు ఏడుపొస్తుందో నవ్వొస్తుందో తెలీక ఊరికే తల ఊపింది.

అప్పుడే వీధి మలుపు తిరిగి ఒక సిటీ బస్సు వచ్చింది. డ్రైవరు పైకి చూశాడు. బస్సు బాల్కనీ కింద ఆగిపోయింది. కిటికీలోంచి సగం ఒళ్ళు బయటికి పెట్టి చెయ్యి ఊపుతూ, హారను మోత మోగించాడు. ప్రయాణికులు కూడా ఏమిటా అని తలలు బయటికి పెట్టి, ఏమీ తెలీకపోయినా చేతులు ఊపారు.

"ఒరేయ్, డ్యూటీలో ఉన్నావు. బండి పోనీ" అని ఆవిడ ఒక్క కేక వేసింది. ఎప్పటి గొంతే. కింద గొడుగు పెద్దాయన నిటారుగా నిలబడ్డాడు. బస్సు కదిలింది.

బేకరీ యజమాని కొత్త రొట్టెలు తెస్తానని కిందికి వెళ్ళాడు. మిగతావాళ్ళు బాల్కనీలోనూ నడవాలోనూ చేరగిలబడి కబుర్లలో పడ్డారు. టైపిస్టు తన తల్లికీ ఇలాంటిది ఒకటి కావాలని మేస్త్రిని అడుగుతున్నాడు. డ్రిల్లు టీచరు మళ్ళీ రెయిలింగు పట్టుకుని ఇంటి గుమ్మం దాకా వచ్చింది. తలుపు తీసి, కిందికి దిగే మెట్ల వంక చాలాసేపు చూసింది. మెట్ల పక్క గోడ బోడిగా ఉంది.

"అమ్మాయ్" అని పిలిచింది. "ఈ గోడ ఇటుకా, కాంక్రీటా?"

కోడలు సుత్తి తీసుకుని వచ్చి తట్టి, చెవి ఆనించింది.

"కాంక్రీటే, అత్తయ్యా."

"అయితే బోల్టులు చాలు. ఇంకా చూస్తావేం, కొలత తీసుకో."